రఖియాకి ఎముకంటే ఇష్టం

మా ఇంట్లో శుక్రవారం కుస్కుసు వండేది నేను, మాంసం పంచేది మా అత్తగారు. ఈ రెండు పనుల్లో ఏది గొప్పదో తెలియాలంటే మా ఇంటికొచ్చి ఒక్కపూట భోజనానికి కూర్చుంటే చాలు.

కుస్కుసంటే తెల్లారి లేచి గోధుమరవ్వ తడిపి, నూనె రాసి, అరచేతులతో నలిపి ఆవిరికి పెట్టాలి. దించి పళ్ళెంలో పోసి, వేళ్ళు కాలుతున్నా ఉండలు చిదిపి, నీళ్ళు చల్లి మళ్ళీ ఆవిరికెక్కించాలి. అలా మూడుసార్లు. కింద గిన్నెలో గొర్రె మాంసం, శనగలు, గుమ్మడి, క్యారెట్, క్యాబేజీ ఉడుకుతుంటాయి. మగవాళ్ళు మసీదు నుంచి వచ్చేసరికి పెద్ద మట్టిపళ్ళెంలో రవ్వ గుట్టగా పోసి, నడుమ మాంసం పెట్టి, కూరగాయలు కప్పి, పులుసు పోసి పట్టుకురావాలి. అందరం ఆ ఒక్క పళ్ళెం చుట్టూ కూర్చుంటాం. ఎవరి ముందున్నది వాళ్ళు తింటూ నడిమికి వస్తాం. మాంసం మీద మాత్రం ఎవరూ చెయ్యి వెయ్యరు. అది మా అత్తగారు లల్లా బతూల్ పంచాలి.

ఆవిడ మాంసాన్ని వేళ్ళతో విడదీస్తుంటే చూడాలి, బంగారం తూచే షరాబు కూడా అంత జాగ్రత్త పడడు. జబ్బ ముక్క నా మొగుడు ద్రిస్‌కి. తొడ ముక్క మరిది అనస్‌కి. మెత్తటి ముక్కలు నా పిల్లలకి. ఆ పక్కది చిన్నకోడలు గిజ్లాన్‌కి, ఎందుకంటే ఆవిడ ఉద్యోగస్తురాలు, నీరసపడుతుంది. తర్వాత తన వాటా తను తీసుకుని, మిగిలిన మెడ ఎముకని నా ముందుకు తోస్తుంది.

"తీసుకోవే రఖియా. నీకు ఎముకంటే ఇష్టం కదా!"

ఈ ఇష్టం ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్తాను. పెళ్ళయిన మొదటి శుక్రవారం అందరి ముందూ ఆవిడ నన్నడిగింది, "ఏ ముక్క వెయ్యనమ్మా?" అని. కొత్తకోడల్ని. జబ్బ ముక్క వెయ్యండి అంటానా? తల వంచుకుని, "ఏదైనా పర్లేదత్తయ్యా, ఎముకైనా సరే, నాకిష్టమే" అన్నాను. మొహమాటానికి అన్న మాట. అలా అనకపోతే మా అమ్మ పెంపకాన్ని తిట్టేవాళ్ళు. అంతే, ఆ మాట మెడకి గుదిబండలా తగులుకుంది. వీధిలో అందరికీ తెలిసిపోయింది, మాంసం కొట్టువాడికి కూడా. "రఖియమ్మకి మెడ భాగం వెయ్యాలా?" అని నవ్వుతూ అడుగుతాడు వాడు. పదిహేనేళ్ళుగా నేను వండిన మాంసంలో నాలుక మీద మాంసమని తెలిసే ముక్క నాకు పడలేదు.

నా మొగుడి సంగతి వేరే చెప్పక్కర్లేదు. మునిసిపాలిటీ ఆఫీసు నుంచి మధ్యాహ్నం ఇంటికొస్తాడు, చేతులైనా కడుక్కోకుండా మూత ఎత్తి చూస్తాడు.

"మళ్ళీ పప్పేనా?"

పప్పయితే పప్పేనా, చిక్కుడు గింజలయితే గింజలేనా, చేపలయితే ముళ్ళేనా. ముఖం ఆముదం తాగినట్టు పెడతాడు. ఆ ముఖంతోనే రొట్టెంతా తుంచి తుంచి గిన్నె అడుగుదాకా తుడిచేస్తాడు. మెచ్చుకోవడం వాళ్ళ వంశంలో లేదు.

మొన్న అనస్‌కి ఉద్యోగంలో పెద్ద హోదా వచ్చింది. అందరం బయట భోజనం చేద్దామంది గిజ్లాన్. అదీ శుక్రవారంనాడు.

"అక్కకి ఒక్క శుక్రవారమైనా విశ్రాంతి ఉండాలి కదత్తయ్యా," అంది.

విశ్రాంతి! ముందురోజు రాత్రే శనగలు నానబోశాను నేను. ఈవిడ దయ తలచి నాకు విశ్రాంతి ఇస్తుందట. ఏడాదికో రెండేళ్ళకో బయట తిండికి వెళ్తే వెళ్తాం, మహా అయితే బజారులో కాల్చిన చేపలు తిని వస్తాం. కూరగాయలు తరగడానికి చేతికి తొడుగులు వేసుకునే మనిషి ఇది. నన్ను అక్కా అని పిలుస్తుంది గానీ అంట్లు తోమేటప్పుడు ఫోన్ వస్తుంది దానికి, ప్రతిసారీ.

మా మెక్నెస్ ఊరి చివర కొత్తగా పెట్టిన హోటల్ అది. వెయిటర్లకి ఎర్ర కుచ్చుటోపీలు పెట్టారు, పాపం, పెళ్ళి ఊరేగింపులో తప్పిపోయినవాళ్ళలా తిరుగుతున్నారు. గోడలకి మా అమ్మమ్మ కాలంనాటి జల్లెళ్ళు తగిలించారు. మా ఇంట్లో వాటితో రవ్వ జల్లిస్తాం. గిజ్లాన్ వాటికి ఫొటోలు తీసింది.

కుస్కుసు వచ్చింది. పెద్ద పళ్ళెంలో కాదు, ఎవరి ప్లేటు వాళ్ళకి. ఒక్కో ప్లేటులో కాస్త రవ్వ, కాస్త గుమ్మడి, పైన ఒక పెద్ద మాంసం ముక్క. అందరికీ సమానంగా. నా ప్లేటులోనూ జబ్బ ముక్క!

రవ్వ వేళ్ళతో ముట్టుకుంటే తెలిసిపోయింది, ఒక్కసారే ఆవిరికి పెట్టారు. ఇసకలా ఉంది. గుమ్మడి పచ్చి. ఇలాంటిది నేను వండి పెడితే మా ఆయన ప్లేటు విసిరేవాడు. ఇక్కడ మాత్రం వెయిటర్ వంగి "బాగుందా అయ్యగారూ?" అనగానే, "అద్భుతం! చెయ్యి తిరిగిన వంటవాడయ్యా!" అన్నాడు. నా ఒళ్ళు మండింది. పదిహేనేళ్ళు మూడేసిసార్లు ఆవిరి పట్టినదానికి రాని మాట, ముక్కూ మొహం తెలియనివాడికి నోటినిండా వచ్చింది.

అత్తగారు మాత్రం బిక్కమొహం వేసుక్కూర్చుంది. పంచడానికేమీ లేదుగా. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నాప్‌కిన్ మడత పెడుతోంది, విప్పుతోంది. నాకు జాలి వెయ్యలేదు. నిజం చెప్పాలంటే భలే సంతోషం వేసింది.

నేను అలవాటు కొద్దీ అంచు నుంచి రవ్వ తింటూ నడిమికి వస్తున్నాను. ముక్కని చివరికి ఉంచుకున్నాను. అది నాదే. ఎవరూ పంచలేదు, ఎవరూ తోయలేదు. దాన్ని చూస్తూ ఆ ఇసక రవ్వని కూడా ఇష్టంగా మింగాను.

అప్పుడు అత్తగారి చెయ్యి వచ్చింది.

"రఖియా మాంసం తినదు. దానికి ఎముకే ఇష్టం," అని ఎవరినీ అడక్కుండానే నా ప్లేటులోంచి ముక్క తీసింది. ద్రిస్ అప్పటికే తన ప్లేటు ఎత్తి పట్టుకున్నాడు. ఆఫీసులో ఏ కాగితమూ అంత చురుగ్గా అందుకుని ఉండడు. ముక్క వాడి ప్లేటులో పడింది. వాడి ప్లేటులో చీకి పడేసిన ఎముకని అత్తగారు తీసి నా ప్లేటులో పెట్టింది.

"అత్తయ్యా, అది అక్క ప్లేటు," అంది గిజ్లాన్.

"నువ్వూరుకో. మా ఇంటి అలవాట్లు మాకు తెలుసు."

"అలవాటైతే మాత్రం? అక్కని అడగాలి కదా."

గిజ్లాన్ మీద నాకు పీకలదాకా కోపం వచ్చింది. నేను పదిహేనేళ్ళు నోట్లో దాచుకున్న మాట అది. అంట్లు తోమని మనిషి దాన్ని తేలిగ్గా అనేసింది. అది నా తరఫున మాట్లాడే గతి నాకు పట్టిందా?

ద్రిస్ అప్పటికే ముక్కలోంచి ఒక పీచు లాగి నోట్లో వేసుకున్నాడు. నేను చెయ్యి చాచి వాడి ప్లేటులోంచి మాంసం తీసుకున్నాను. ఎముకని వాడి ప్లేటులో పెట్టాను.

వాడి నోరు నమలడం మానేసింది.

"ఏంటే ఇది? జనం చూస్తున్నారు!"

"చూడనీ."

"నీకు ఎముకేగా ఇష్టం?"

"ఎవరన్నారు?"

"నువ్వే అన్నావు! పెళ్ళైన కొత్తలో, అందరి ముందూ."

"కొత్తకోడలు ఇంకేమంటుందండీ? తొడ ముక్క వెయ్యండి, జబ్బ ముక్క వెయ్యండి అంటుందా? మొహమాటానికి అన్నాను. మీకు తెలియదు సరే, మీకు ఏం తెలుసు గనక. మీ అమ్మనడగండి, ఆవిడకి తెలుసో లేదో."

అనస్ గ్లాసులోకి చూస్తున్నాడు. పిల్లలు నా ముఖంలోకి చూస్తున్నారు. టోపీ వెయిటర్ మజ్జిగ కూజా పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు. అందరూ అత్తగారి వైపు తిరిగారు.

ఆవిడ తొణకలేదు. ఒక్కో వేలూ నిదానంగా తుడుచుకుంది.

"మొహమాటానికే అంటారు," అంది. "నేనూ అన్నాను మా అత్త దగ్గర. అలా అన్నప్పుడు వడ్డించేవాళ్ళు ఊరుకోకూడదు. ఒట్టు పెట్టి రెండోసారి అడగాలి. అప్పుడు తీసుకుంటారు. అదీ పద్ధతి."

"మరి నన్ను రెండోసారి అడగలేదేం అత్తయ్యా?"

ఆవిడ నా కళ్ళలోకి సూటిగా చూసింది. సిగ్గు లేదు, కోపం లేదు.

"అడిగితే తీసుకునేదానివిగా," అంది.

నేను మాంసం కొరికాను. సరిగ్గా ఉడకలేదు, చల్లారి బిగుసుకుపోయింది, ఉప్పు కూడా చాలలేదు. ఆ సంగతి ఎవరికీ తెలియనివ్వకుండా ఆఖరి పీచుదాకా నమిలి తిన్నాను.