కిష్టమ్మక్క కిడ్నీ

లింగమూర్తికి కిడ్నీలు రెండూ చెడిపోయాయని తెలిసి మదీనాగూడలో అందరూ బాధపడ్డారు. ఆయన అక్క కిష్టమ్మకు మాత్రం ఆ కబురు చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

అక్కాతమ్ముళ్లకు నాలుగేళ్లుగా మాటల్లేవు. లింగమూర్తి కూతురి పెళ్లిలో కిష్టమ్మ పిల్లకు పసుపు పెడుతుంటే, వీడియో అతను ముచ్చటపడి సరిగ్గా ఆమె మొహం మీద గ్రాఫిక్స్ గులాబీ పువ్వు తిప్పాడు. తర్వాత అందరూ కూర్చుని క్యాసెట్టు చూస్తే అందులో ఆమె చెయ్యి ఉంది, పట్టుచీర ఉంది, మొహం లేదు. "మీరే చెప్పి చేయించిన్రు" అంటూ ఆమె లేచి లింగంపల్లిలో తన ఇంటికి వెళ్లిపోయింది.

లింగమూర్తిది పైపులు, నల్లాలు అమ్మే దుకాణం. మాదాపూర్‌లో రాళ్లు పగలగొట్టి అద్దాల మేడలు కడుతున్న రోజులవి. చుట్టుపక్కలంతా అపార్టుమెంట్లు లేస్తుంటే ఆయనకు తిండి తినే తీరికే లేదు. బీపీ మాత్రలు మానొద్దని డాక్టరు చెప్పినా వినలేదు. తలనొప్పి వస్తే చాయ్ తాగేవాడు. చివరికి కాళ్లూ మొహం వాచి, రక్తం శుభ్రం చేసే మిషను పక్కన వారానికి రెండు మూడుసార్లు పడుకోవాల్సి వచ్చింది.

"ఎన్నాళ్లని ఇలా లాక్కొస్తారండీ? ఇంట్లోవాళ్లెవరైనా ఒక కిడ్నీ ఇస్తే మళ్లీ మామూలుగా తిరగొచ్చు" అన్నాడు డాక్టర్ చలపతిరావు.

భార్య సత్తెమ్మకు షుగరు. కూతురు కడుపుతో ఉంది.

"తోబుట్టువులున్నారా?"

"లేరు" అన్నాడు లింగమూర్తి.

"ఉన్నది" అంది సత్తెమ్మ.

"ఆమెనడిగే బదులు ఈ మిషన్‌కాడనే పండుకుంట!"

సత్తెమ్మ అది పౌరుషమనుకుంది. పౌరుషం సగమే. అక్కను కోతకు పడుకోబెట్టాక ఆమెకేమైనా అయితే ఆమె పిల్లలకు మొహం ఎలా చూపించాలన్నది మిగతా సగం. అది ఆయన బయటికి చెప్పలేదు.

సత్తెమ్మ మొగుడికి తెలియకుండా కిష్టమ్మ కొడుకు మహేశ్‌కు ఫోన్ చేసింది. మర్నాడు పొద్దున్నే కిష్టమ్మ, కొడుకు స్కూటర్ మీద వచ్చి దిగి, చెప్పులైనా విడవకుండా లోపలికి వచ్చింది.

"ఏందిరా, చచ్చేటప్పుడన్న పిలుస్తవా, పిలువవా?"

"నేనెందుకు చస్త?"

"మరి మొహం పూరీ లెక్క ఎందుకు పొంగింది?"

"అక్కా, నాకేం వద్దు. నీ పానం మీదికి తెచ్చుకోకు."

"పానం ఎవ్వడడిగిండు? కిడ్నీ ఇస్తనంటున్న. చిన్నప్పుడు నా చేతుల ఏమున్నా సగం గుంజుకుంటివి. ఇదేమన్న కొత్తనా?"

"ఆపరేషన్‌ల నీకేమన్న అయితే?"

కిష్టమ్మ కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది. ఆమెకూ భయంగానే ఉందని అప్పుడర్థమై, లింగమూర్తి గోడ వైపు తిరిగి ఏడ్చాడు.

"ఒంట్ల నీళ్లు బయటికి పోతలేవన్నరు" అంది కిష్టమ్మ సత్తెమ్మతో. "కండ్లెంట మంచిగనే పోతున్నయి గద!"

పరీక్షల్లో కిడ్నీ సరిపోతుందని తేలింది. చలపతిరావు కిష్టమ్మను విడిగా కూర్చోబెట్టి, ప్రమాదాలన్నీ వివరించి, ఇష్టం లేకపోతే ఏ నిమిషమైనా వద్దనవచ్చని చెప్పాడు. ఆమె అంతా విని, "నాకు కుడిపక్కకు పండుకుంటేనే నిద్రొస్తది. జర చూసి తియ్యిండ్రి" అంది.

"ఎడమవైపుదేనండి" అన్నాడాయన, నవ్వాపుకుంటూ.

ఆపరేషన్ బాగా జరిగింది. తమ్ముడికి మూత్రం ధారాళంగా వస్తోందన్న కబురు పక్క గదిలో నొప్పితో మూలుగుతున్న కిష్టమ్మకు చేరింది. "నాది గద మరి" అని మళ్లీ మూలిగింది.

ఆ తర్వాత లింగమూర్తి బతుకంతా మాత్రల చుట్టూ తిరిగింది. వాటి మహిమతో బుగ్గలు గుమ్మడికాయల్లా ఊరాయి. బట్టతల మీద మొలవాల్సిన వెంట్రుకలు చెవుల మీద మొలిచాయి. రోగాలంటకుండా మొహానికి గుడ్డ కట్టుకుని అరుగు మీద కూర్చుంటే, ఎదురింటి విశ్వేశ్వరరావు వచ్చి, "మా పెరట్లోంచి ఏమైనా వాసనొస్తోందాండీ?" అని నొచ్చుకున్నాడు.

కోలుకున్నాక కిష్టమ్మ రోజూ బస్సెక్కి వచ్చేది. తమ్ముణ్ని ఎలా ఉన్నావని అడిగేది కాదు. "అదెట్లున్నది? నీళ్లు పోసినవా దానికి?" అనేది. ఒకసారి చుట్టాల ఇంట్లో నిశ్చితార్థానికి వెళ్లినప్పుడు, లింగమూర్తి బయటి బండి మీది బజ్జీ ఒకటి చాటుగా చేతిలోకి తీసుకున్నాడు. షామియానా అవతలి నుంచి కిష్టమ్మ కేక పెట్టింది.

"అరేయ్! నా కిడ్నీకి గది పడది!"

పెళ్లికొడుకుతో సహా అందరూ తిరిగి చూశారు.

"ఇచ్చినంక నీదెట్లయితది? నాది! బజ్జీ తినిపిస్త, సినిమాకు తీస్కపోత, నా ఇష్టం!"

కిష్టమ్మ రావడం మానేసింది. మొదట్లో లింగమూర్తికి హాయిగానే ఉంది. తర్వాత బజ్జీ వైపు చూడబుద్ధే కాలేదు. ఒక ఆదివారం తనే లింగంపల్లి వెళ్లాడు.

కిష్టమ్మ బోరింగ్ దగ్గర బిందె నింపి, ఎడమపక్క అదిమి పట్టుకుని నిలబడి ఉంది.

"నొస్తదా?" అన్నాడు. ఇన్నాళ్లలో ఆ మాట అడగడం అదే మొదటిసారని అడిగాకగానీ ఆయనకు తట్టలేదు.

"చలికి జర గుంజుతది."

ఆయన బిందె అందుకోబోయాడు. "బరువెత్తొద్దన్నరు గద నిన్ను!" అని ఆమె గుంజింది. "నువ్వే ఎత్తొద్దు!" అని ఆయన గుంజాడు. బిందెడు నీళ్లూ ఇద్దరి మీదా పడ్డాయి.

మర్నాడు ఇద్దరూ కలిసి డాక్టరు దగ్గరికి వెళ్లారు. "చూపించుకునేదెవరండీ?" అని చలపతిరావు అడిగితే ఒకరినొకరు చూపించారు. ఆయన ఇద్దరినీ చూశాడు. తమ్ముడి కిడ్నీ భేషుగ్గా ఉందన్నాడు. కిష్టమ్మకు మాత్రం బీపీ కాస్త పెరిగింది, ఉప్పు తగ్గించి రోజూ ఒక మాత్ర వేసుకోమన్నాడు.

"మాత్రనా? నాకేం రోగం?" అంది కిష్టమ్మ.

"చూస్తిరా సార్? ఏం చెప్పినా వినది" అన్నాడు లింగమూర్తి, మహా సంతోషంగా. ఆమె పచ్చడి జాడీని అటక మీద పెట్టించడానికి అటునుంచి అటే లింగంపల్లి బయల్దేరాడు.