నాది అనే మాట

వాలీబాల్ బంతి పైకి లేచిన ప్రతిసారీ కాసేపు అక్కడే ఉండిపోతుందేమో అనిపిస్తుంది, పొద్దున ఈ ఊరికి పోటీకి వస్తుంటే చిన్న విమానం కిటికీలోంచి కనిపించిన చంద్రుడిలా, కింద గడ్డకట్టి తెల్లగా పడుకున్న కస్కోక్విమ్ నది, దాని పైన కదలకుండా ఆ చంద్రుడు, నస్తాసియాకు ఇలాంటి ఆలోచనలు ఆట మధ్యలోనే వస్తాయి, వచ్చాయంటే బంతి నేల మీదే, ఇప్పుడూ పడింది, తనకూ వెరాకూ సరిగ్గా మధ్యలో, ఇద్దరూ దాన్నే చూస్తూ నిలబడిపోయారు, ఈ ఊరి అవ్వలు బల్లల మీద కూర్చుని ఒకటే నవ్వు, నోరు తెరవవే తల్లీ, బంతి అందుకునేవాళ్లు నాది అని అరవాలి, ఎవరన్నా కొరుక్కు తింటారా నిన్ను, అంటాడు కోర్టు గీత అవతలినుంచి కోచ్ ఎవాన్, ఆమె కనుబొమలు పైకెత్తింది, తమవాళ్లలో అవును అనడానికి అది చాలు, బడిలో హాజరు పిలిచినా కనుబొమలతోనే నెట్టుకొచ్చిన పిల్ల, ఈ ఆటలోకీ తనంతట రాలేదు, వెరానే చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది, నువ్వు ఊరికే ఆడవే, నీ అరుపులు కూడా నేనే అరుస్తాలే అని, ఇన్నాళ్లూ అన్నట్టే అరిచింది, నీదే నస్తాసియా, వదిలెయ్, వెనక్కి వెనక్కి, నిన్నటినుంచి జలుబుతో ఆ గొంతు కాస్తా పోయింది, గాలి తప్ప ఏమీ రావడం లేదు.

నాది, ఆ మాటే నోటికి రాదు, అమ్మమ్మ ఇంట్లో ఎవరూ అనరు, వేటలో సీల్ జంతువు దొరికిందంటే ముక్కలు కోసి ఊరంతా పంచాల్సిందే, చిన్నప్పుడు ఎండు సాల్మన్ చేప ముక్కొకటి వీపు వెనక దాచి నాది అంటే అమ్మమ్మ తిట్టలేదు, ఊరికే చూసింది, ఆ చూపుకు ఇప్పటికీ చెంపలు వేడెక్కుతాయి, అదిగో మళ్లీ సర్వీసు, దీపాల వెలుగులో మెల్లగా, నిద్రలోలా, మళ్లీ ఇద్దరి మధ్యకే, అవతలివాళ్లు ఈ లోటు కనిపెట్టేశారు, వెరా పరుగెత్తుకొస్తోంది, మోకాలి పట్టీ జారిపోయింది, నోరు తెరిచే ఉంది, శబ్దం లేదు, కళ్లనిండా భయం, వెరాకి భయమా, ఇన్నాళ్లూ ఇద్దరి వంతూ ఒక్కతే మోసిందా ఈ పిల్ల

నాది, అని ఎవరో అరిచారు, బొంగురుగా, జిమ్ గోడలు అదిరేలా, అరిచింది తనేనని తెలిసేలోపు వెరా ఠక్కున ఆగి పక్కకు తప్పుకుంది, బిగుసుకున్న ఆ భుజాలు మెత్తగా కిందికి దిగాయి, బంతి ముంజేతుల మీద తగిలి లేచి వెరా చేతుల్లోకి, అక్కడినుంచి నెట్ దగ్గరికి, తమ జట్టులోని పొడుగు పీటర్ దాన్ని అవతలికి ఒక్కటిచ్చాడు, ఈల మోగింది, వెరా వచ్చి మెడకు చుట్టుకుంది, ఇంత గొంతు ఎక్కడ దాచావే దొంగమొహమా అని చెవిలో గాలిలాంటి గుసగుస, నస్తాసియా పైకే నవ్వేసింది, చివరికి రెండు పాయింట్లతో ఓడిపోయారు, అయినా ఆ తర్వాత తన వైపొచ్చిన ఒక్క బంతినీ పిలవకుండా వదల్లేదు, పిలిచినప్పుడల్లా పక్కన వెరా ఊపిరి తేలికపడటం వినిపించింది, నాది అంటే లాక్కోవడమనే అనుకుంది ఇన్నాళ్లూ, అదీ పంచుకోవడమే.