పిడి మీద పంటి గాట్లు

నేను ఒక బాడిసను. పాత లారీ కమాను పట్టాను కొలిమిలో ఎర్రగా కాల్చి, సాగగొట్టి నన్ను చేశారు. ముందు వైపు పదునైన నోరు, వెనక వైపు మొద్దు తల, మధ్యలో బిగించిన తుమ్మకర్ర పిడి. నోటితో కొయ్యను చెక్కుతాను. తలతో కొయ్యను పలకరిస్తాను. ఈ కథ నా తలకు సంబంధించినది.

కోరంగి దగ్గర గోదావరి పాయ ఒడ్డున, మడ చెట్లను ఆనుకుని, పడవలు కట్టే దిబ్బ ఒకటి ఉంది. నా బతుకంతా అక్కడే గడిచింది. ఎనభై పడవల్లో నా చెయ్యి ఉంది గానీ ఒక్క పడవా ఎక్కి ఎరగను. పడవ నీళ్ళలోకి జారే రోజున మనుషులు కేకలు వేస్తారు, కొబ్బరికాయలు కొడతారు. నేను చెక్కపేళ్ళ మీద పడి ఉండి దాని వెనక భాగం చూస్తాను. అది మలుపు తిరిగేదాకా చూస్తాను. మరమ్మతుకని మళ్ళీ ఒడ్డెక్కినవాటిని గుర్తుపడతాను. రానివాటి సంగతి నాకు ఎవరూ చెప్పరు. అందుకే తూర్పున మబ్బు కనిపిస్తే చాలు, నాకు తుప్పు పాకినట్టు ఉంటుంది.

నన్ను చేయించుకున్నవాడు అప్పన్న మేస్త్రి. కొయ్యను కంటితో కొనకూడదనేవాడు ఆయన. రంగు మోసం చేస్తుంది, బరువు మోసం చేస్తుంది, అమ్మేవాడి సంగతి సరేసరి. అందుకని కలప అడితికి వెళ్ళినప్పుడల్లా నన్ను తీసుకుపోయేవాడు. పక్క చెక్కలకు టేకు. లోపలి వంపు కొయ్యలకు తుమ్మ. అదీ చెట్టు మీదే వంగి పెరిగిన కొమ్మ కావాలి, రంపంతో వంపు తిప్పింది అల దెబ్బకు ఆగదు. ఇక పడవకు వెన్నెముకలా అడుగున పడుకునే దూలానికి మద్ది. అతుకు లేని ఒకే మాను. మిగిలిన కొయ్యలన్నీ మార్చుకోవచ్చు. దూలం మార్చడమంటే పడవను చంపడమే.

ఆ మాను లోపల ఏముందో తెలుసుకోవడానికి ఒకటే దారి. మేస్త్రి ఒక కొసకు చెవి ఆనించి కూర్చుంటాడు. రెండో కొస మీద ఇంకొకరు నా తలతో మూడు దెబ్బలు కొడతారు. మాను గట్టిదైతే దెబ్బ గంటలా అవతలికి చేరుతుంది. లోపల గుల్ల ఉంటే దారిలోనే మునిగిపోతుంది. బాగుంటే మేస్త్రి చెయ్యి ఎత్తుతాడు. ఎత్తాడంటే ఆ మాను తనదే.

చివరి రోజుల్లో అప్పన్న మేస్త్రికి ఒక వింత అలవాటు వచ్చింది. చెవి ఆనించడం మానేసి, నా తలను మానుకు అదిమి, పిడి కొసను పళ్ళ మధ్య పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. చుట్ట మానేశాడు గనక నోరు ఊరుకోక కర్ర నములుతున్నాడని దిబ్బ మీద అందరూ నవ్వుకున్నారు. కొడుకు తాతారావు కూడా నవ్వాడు. నవ్వనివాళ్ళం ఇద్దరమే, ఆయనా నేనూ. ఆయన పోయాక నా పిడి మీద నాలుగు గాట్లు మిగిలాయి.

తాతారావు చేతికి వచ్చాను. అతనిది తండ్రికన్నా నిదానమైన చెయ్యి. మాను కొసన దెబ్బలు కొట్టే పని అతని భార్య నూకాలుది. ముప్ఫై ఏళ్ళు ఆ ఇద్దరూ అడితిలో అటు కొసన ఒకరు, ఇటు కొసన ఒకరు. మధ్యలో పాతిక అడుగుల కొయ్య. ఎవరైనా ఎగతాళి చేస్తే నూకాలు ఊరుకునేది కాదు.

"మీ ఆయన్ని కొట్టలేక మాన్లని కొడతన్నావా నూకాలప్పా?"

"మాను నయం తమ్ముడూ, కొడితే పలుకుద్ది. ఈయన పలకడు."

అందరూ నవ్వేవారు. ఆ పరాచికంలో నిజం ఎంత చేరిందో నాకే ముందు తెలిసింది. పడవ సందుల్లో నార కూరుతూ నలభై ఏళ్ళు చెవి పక్కనే సుత్తి మోగితే, చెవి ఎన్నాళ్ళని ఉంటుంది? మొదట "గట్టిగా కొట్టవే" అన్నాడు. తర్వాత అదీ అనడం మానేశాడు. ఎవరైనా అడిగితే ఒక నిమిషం వాళ్ళ పెదవుల వైపు చూసి, "చూద్దాం లే" అనేవాడు. ఏ ప్రశ్నకైనా సరిపోయే జవాబు అది. పెద్దమనిషి, తొందరపడడు అని జనం మరింత గౌరవించారు. మనుషులు దాచదలుచుకుంటే చెవిటితనాన్ని కూడా గాంభీర్యం కింద చెలామణీ చేయగలరు.

మూడేళ్ళు అలా గడిచాయి. ఆ మూడేళ్ళలో కట్టినవి చిన్న పడవలు, తెలిసిన మానులు.

అప్పుడు కూతురు వరాలు మొగుడు సూర్యచంద్రం సొంత పడవ కట్టించుకుంటానన్నాడు. నడిసముద్రానికి వెళ్ళే పెద్ద పడవ. అన్నాళ్ళూ పరాయి పడవల మీద వేటకు వెళ్ళినవాడు. మామగారి చేతి పడవ అయితే తుఫానుకు కూడా భయపడనన్నాడు. ఆ మాటకు తాతారావు చెయ్యి నా పిడి మీద బిగుసుకుంది.

అడితిలో మద్ది మాను ఒకటి చూశారు. నిగనిగలాడుతూ, పొడుగ్గా, పగులన్నది లేకుండా ఉంది. నూకాలు మూడు దెబ్బలు వేసింది. రెండో దెబ్బకే నాకు తెలిసిపోయింది. మాను నడిమిలో, ఎప్పుడో కొమ్మ విరిగిన చోట, దెబ్బ బురదలో దిగినట్టు దిగిపోయింది. అవతలి కొసన తాతారావు చెయ్యి ఎత్తాడు.

"ఇంకోపాలి కొడతానయ్యా," అంది నూకాలు. దెబ్బ దిగిపోయిన తేడా పిడి పట్టిన ఆమె అరచేతికీ తెలిసింది.

"చాల్లేవే. బంగారం లాటి మాను," అన్నాడు. ఆమె అన్న మాట వినిపించి కాదు. ఆమె నన్ను దించకపోవడం చూసి.

మాను దిబ్బకు చేరింది. నాలుగు రోజులు నా నోటితోనే దాన్ని నాలుగు వైపులా చదునుగా చెక్కారు. నన్ను ఇంకాస్త లోపలికి దింపితే గుల్ల బయటపడేది. కానీ తాతారావు గీత దాటి ఒక్క పేడు కూడా ఎక్కువ తీయడు. అతని పనితనమే ఆ మోసాన్ని కాపాడింది. ఇనుముకు నోరుండీ మాటలేకపోవడం ఎలాంటిదో నేను అప్పుడు అనుభవించాను.

మా దిబ్బ మీద ఒక కట్టుబాటు ఉంది. దూలాన్ని దిమ్మల మీద ఎక్కించి, ఇంటి ఆడపడుచు పసుపు రాస్తుంది. పసుపు తగిలిన దూలాన్ని ఇక దించకూడదు. దించితే ఆ పడవ మీద బతికే ఇంటికి కీడని నమ్మకం. ఐదో రోజు పొద్దున్న వరాలు పసుపు కలిపిన పళ్ళెంతో వచ్చింది. సూర్యచంద్రం కొత్త పంచె కట్టుకున్నాడు. పనివాళ్ళు దిమ్మలు సర్దుతున్నారు.

నూకాలు నన్ను అందుకుంది. ఆ నాలుగు రాత్రులూ ఆమె నిద్రపోలేదని ఆమె వేళ్ళు చెప్పాయి. ఒక చేతిలో అల్లుడి ప్రాణం, ఒక చేతిలో మొగుడి పేరు. రెండూ పట్టుకునే చెయ్యి దేవుడు ఎవరికీ ఇవ్వలేదు.

"ఏవయ్యా," అని అతని ఎదురుగా నిలబడి, చెయ్యి ఊపుతూ గట్టిగా అంది, "పసుపెట్టే ముందు ఒక్కపాలి సెవెట్టు. నా తృప్తికి."

అతను నవ్వి, అవతలి కొసన కూర్చుని చెవి ఆనించాడు. కళ్ళు మూసుకున్నాడు. నూకాలు నన్ను ఎత్తింది, దించింది. కొయ్యకు వేలెడు ఎడంలో ఆపేసింది. మళ్ళీ ఎత్తి మళ్ళీ ఆపింది. మూడోసారి కూడా నేను గాలినే కొట్టాను.

తాతారావు చెయ్యి ఎత్తాడు.

వరాలు పక్కనే నిలబడి అంతా చూసింది. పనివాళ్ళు చూడలేదు. "కానియ్యి వరాలూ, గడియ దాటిపోతంది," అన్నాడు సూర్యచంద్రం. ఆమె పసుపు వేళ్ళు దూలం మీదికి వస్తున్నాయి. ఏం చేస్తోందో ఆమెకే తెలియడం లేదు.

"ఆగవే!" అని నూకాలు అరిచింది.

ఆ కేక తాతారావుకు వినపడలేదు గానీ అందరూ ఆగిపోవడం కనపడింది. లేచి వచ్చాడు. నూకాలు నన్ను కొయ్య మీదికి దించి, వేలెడు ఎడంలో ఆపి, ఆ సందులో తన చూపుడు వేలు పెట్టి చూపించింది. ఒకటి. రెండు. మూడు.

అతను ఆ వేలి వైపు చూశాడు. కోపం వస్తుందనుకున్నాను. అతను నన్ను ఆమె చేతిలోంచి తీసుకుని, పిడి కొస మీద ఉన్న నాలుగు గాట్లను బొటనవేలితో తడిమాడు.

"మా అయ్య చుట్ట కోసం కాదే," అన్నాడు మెల్లగా. "ఆయనకీ ఇనపడేది కాదు."

దూలం కొసకు నా తల అదిమాడు. తండ్రి గాట్ల మీదే పళ్ళు బిగించాడు. నూకాలు కొయ్యసుత్తితో అవతలి కొసన కొట్టింది. ఆ దెబ్బ దూలంలోంచి నాలోకి, నాలోంచి అతని దవడ ఎముకలోకి పాకింది. అప్పన్న మేస్త్రి పోయాక మొదటిసారి నేను విన్నది విన్నట్టుగా ఒక మనిషికి చెప్పగలిగాను. రెండో దెబ్బ. మూడో దెబ్బకు అతని కళ్ళలోంచి నీళ్ళు జారాయి.

"నడిమిన గుల్ల," అన్నాడు. "దించెయ్యండి."

"మావా, మంచి గడియ..." అన్నాడు సూర్యచంద్రం.

"నాకు సెవుల్లేవు అల్లుడూ. మూడేళ్ళయింది. సెప్పుకోలేకపోయాను." ఆ మాట దిబ్బ మీద అందరికీ వినపడేలా అన్నాడు. తన గొంతు ఎంత పెద్దదో అతనికి తెలియదు కదా.

బర్మాతో నడిమిన తొలిచారు. జానెడు లోతు దాకా మంచి చేవ వచ్చింది. ఆ తర్వాత తడిసిన నల్లటి పొడి, పుల్లటి వాసన. సూర్యచంద్రం ఆ పొడిని అరచేతిలో పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత పంచె పైకి దోపి, దూలం దించడానికి తనే ముందు భుజం పెట్టాడు. వరాలు పసుపు చేతిని నీళ్ళలో కడుక్కుంది.

రెండో మాను కోసం మళ్ళీ అడితికి వెళ్ళాం. తాతారావు పిడి కరచుకుని కూర్చుంటే అక్కడ ఒకడు అన్నాడు, "ఏంటి మేస్త్రి గారూ, రుచి చూసి కొంటన్నారా?"

అతను నూకాలు వైపు చూశాడు. ఆమె ఆ మాటే పెదవులు కదిపి చెప్పింది.

"అవునయ్యా," అన్నాడు. "కిందటిపాలి ఉప్పు చూడకుండా కొన్నాను."

ఆ రెండో మాను మీద కట్టిన పడవ పదకొండేళ్ళుగా తిరుగుతోంది. వేటకు వెళ్ళే ప్రతిసారీ తాతారావు రేవుకు వచ్చి, నా తలను పడవ ముందు భాగానికి అదిమి, పళ్ళు బిగించేవాడు. సూర్యచంద్రం లోపల అడుగు దూలం మీద మూడు దెబ్బలు కొట్టేవాడు. మామ చెయ్యి ఎత్తితేనే పడవ కదిలేది. తాతారావు కిందటి ఏడు వేసవిలో పోయాడు. ఇప్పుడు దిబ్బ మీద కొయ్య పడవలు కట్టేవాళ్ళు లేరు. అన్నీ ఫైబరువే. పాత ఇనుము కొనే అతను వచ్చి నన్ను చేత్తో ఎత్తి బరువు చూస్తుంటే నూకాలు లాక్కుంది.

ఈ రోజు తెల్లవారింది. తూర్పున మబ్బు ఉంది. నూకాలు రేవుకు నన్ను తీసుకువచ్చింది. ఆమె చెవులు చక్కగా పనిచేస్తాయి. అయినా నా తలను పడవకు అదిమి, మామ గాట్ల మీద, మొగుడి గాట్ల మీద, తనకు మిగిలిన ఆ కాసిని పళ్ళూ ఆనించింది.

"కొట్టనా అత్తా?" అని లోపలినుంచి సూర్యచంద్రం.

ఒకటి. రెండు. మూడు. మూడూ తేటగా ఇవతలికి చేరాయి. ఆమెకూ తెలిసింది, నాకూ తెలిసింది. అయినా ఆమె వెంటనే చెయ్యి ఎత్తలేదు. మబ్బు వైపు ఒకసారి చూసింది. నన్ను ఇంకాస్త గట్టిగా కరచుకుంది.

తర్వాత ఎత్తింది.