గ్రీజు ఎక్కని ఇరుసు

మేస్త్రమ్మ పొద్దున్నే షెడ్డు తలుపులు తీసి చేసే మొదటి పని, అంతకు ముందు రోజు వచ్చిన మోటార్లన్నిటికీ మంచినీళ్ళతో స్నానం చేయించడం. ఉప్పునీళ్ళలో తిరిగిన పడవ మోటారు అలాగే ఆరిందంటే దాని సందుల్లో ఉప్పు పేరుకుంటుంది. ఆ ఉప్పు ఇనుమునీ అల్యూమినియాన్నీ ఒకదానికొకటి అంటించేస్తుంది. తర్వాత ఎంత తిప్పినా తిరగదు. దాన్నే పట్టేయడం అంటారు. ఆ రేవులో నూటికి తొంభై మోటార్లకి వచ్చే రోగం అదే, ఆమెకి అన్నం పెట్టేదీ అదే.

వైద్యం కూడా పెద్ద రహస్యమేం కాదు. ముందు తుప్పు వదిలించే నూనె చుక్క చుక్కగా వేసి ఒక పూట నాననివ్వాలి. తర్వాత గ్యాసు మంట, చెయ్యి పెట్టలేనంత వేడెక్కేదాకా. ఆ తర్వాత చెక్క సుత్తితో చుట్టూ చిన్న చిన్న దెబ్బలు. ఇదంతా అయ్యాక పడవ తాలూకు మనిషి దగ్గరికొచ్చి, అంతవరకూ ఎవరికీ చెప్పని నిజం ఒకటి చెప్పాలి. అప్పుడు పానా వేస్తే తిరుగుతుంది.

ఈ ఆఖరి మాట ఏ మోటారు పుస్తకంలోనూ ఉండదు. లేకపోయినా రేవులో అందరికీ తెలుసు. చిన్న మరకి చిన్న నిజం చాలు. వలల వ్యాపారి, ఇంట్లో గురక పెట్టేది తనేననీ, నెపం పాపం కుక్క మీదికి తోస్తున్నాననీ నాలుగు విడతలుగా చెప్పి, మూతకున్న నాలుగు మరలూ ఊడదీయించుకున్నాడు. పెద్ద బోల్టుకి పెద్దదే కావాలి. అబద్ధం చెబితే మాత్రం బోల్టు తల పుటుక్కున తెగి చేతిలోకొస్తుంది, అది ఇంకో తలనొప్పి. అందుకే మేస్త్రమ్మ మంట ఆపగానే రేడియో గొంతు పెంచి, అటు తిరిగి చేతులు తుడుచుకుంటూ నిలబడేది.

ఆమెకి నలభై నాలుగేళ్ళు. పెళ్ళి మాట ఎవరు ఎత్తినా, "ముందు బల్ల మీదున్న ఇంజన్ అవనివ్వండి," అనేది. బల్ల ఎప్పుడూ ఖాళీగా ఉండేది కాదు. ఆమెకి పని నేర్పిన తండ్రి, పెద్దాయన, గుమ్మం పక్కన కుర్చీలో కూర్చుని వచ్చేపోయేవాళ్ళని పలకరిస్తూ ఉండేవాడు. చెవుడు. తనకి కావలసినవి మాత్రం వినబడేవి.

బుధవారం నాడు సరంగు తన మోటారుని తోపుడు బండి మీద పెట్టుకుని వచ్చాడు. రేవుకీ అవతలి ఒడ్డుకీ మధ్య జనాన్ని దాటించే పడవ అతనిది.

"రెండు చోట్ల పట్టేసింది మేస్త్రమ్మగారూ. పక్కలకి తిప్పే ఇరుసూ, పైకెత్తే కడ్డీ. కదిలితే ఒట్టు."

పోయిన వారం నడి పాయలో ఇరుసు బిగుసుకుపోయి, పడవ ఎడమకి తప్ప తిరగనని మొండికేసి, పదకొండు మందితో ఇసుక మేట ఎక్కింది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ రేవు ఆఫీసుకి ఫిర్యాదు వెళ్ళింది. శుక్రవారం పదింటికి ఆఫీసరు వస్తాడు. మోటారు అటూ ఇటూ తిరగకపోతే పర్మిట్టు రద్దు. ఇరవై రెండేళ్ళుగా ఆ పాయ దాటించడం తప్ప సరంగుకి ఇంకో పని రాదు.

"గ్రీజు వేస్తున్నారా?"

"నెలనెలా తప్పకుండా. పెద్దాయనగారిచ్చిన గన్నుతోనే."

మేస్త్రమ్మ తల ఎత్తలేదు. ఆ గన్ను సంగతి ఆమెకి బాగా తెలుసు. పూర్వం సరంగు ప్రతి నెలా మోటారుకి గ్రీజు వేయించుకోవడానికి షెడ్డుకి వచ్చేవాడు. పది నిమిషాల పని. ఇద్దరూ కలిసి దాన్ని గంటన్నర చేసేవాళ్ళు. రెండేళ్ళ కిందట పెద్దాయనకి జాలేసింది. "ఈపాటి దానికి ఇంత బరువు మోసుకురావడం ఎందుకయ్యా, చెవిలో మందేసినంత పని," అని ఒక గ్రీజు గన్ను చేతిలో పెట్టాడు. సరంగు దండం పెట్టి తీసుకున్నాడు. మళ్ళీ రాలేదు.

ఆమె ఇరుసు మీదున్న నిపిల్, అంటే గన్ను ఆనించి గ్రీజు ఎక్కించే చిన్న మూతి, ఊడదీసింది. ఒక్కసారి దాని రంధ్రంలోకి చూసి, గుప్పిట మూసి, జేబులో వేసుకుంది. "రేపు రండి. నూనెలో నానాలి," అంది.

గురువారం పొద్దున మంట పెట్టి, సుత్తితో తట్టి, రేడియో గొంతు పెంచింది. సరంగు మోటారు దగ్గర గొంతుక్కూర్చున్నాడు.

"వాగుడెక్కువని చెప్పి, బడి పంతులుగారిని చూసీ చూడనట్టు రెండుసార్లు ఒడ్డున వదిలేశాను," అన్నాడు. మూత మరలు వచ్చేశాయి. ఇరుసు కదల్లేదు.

"ఇసుక మేట ఎక్కినప్పుడు భయం లేదని అందరికీ చెప్పాను గానీ, అందరికంటే ఎక్కువ భయపడింది నేనే."

కదల్లేదు. సరంగు గుమ్మం వైపు ఒకసారి చూసి, మోటారుకి ఇంకా దగ్గరగా జరిగాడు.

"నాకు ఈత రాదు," అన్నాడు.

మేస్త్రమ్మ ఇన్నేళ్ళ నియమం మర్చిపోయి గిరుక్కున తిరిగింది. అంత పెద్ద నిజానికి ఓడ లంగరైనా ఊడి రావాలి. ఆమె పానా వేసి బలమంతా పెట్టింది. ఇరుసు చెక్కు చెదరలేదు.

"ఏమయ్యా సరంగూ, నీ దగ్గరున్న సరుకంతా అయిపోయినట్టుంది," అన్నాడు పెద్దాయన కుర్చీలోంచి. "దానికి నీ మాట అక్కర్లేదేమో. ఆ ఇరుసు బిగించిన చెయ్యి ఎవరిది?"

"మేస్త్రమ్మగారిదే," అన్నాడు సరంగు.

ఆమె ఇంకాస్త నూనె వేసింది. ఇంకోసారి మంట పెట్టింది. ఈ మాట బయటికొస్తే రేవులో తన దగ్గరికి మోటారు తెచ్చేవాళ్ళుండరని తెలుసు. చెప్పకపోతే రేపు పదింటికి ఈ మనిషి బతుకు వీధిన పడుతుందనీ తెలుసు. వెళ్ళి రేడియో ఆపేసింది. జేబులోంచి నిపిల్ తీసి బల్ల మీద పెట్టింది.

"దీని నోరు నేనే మూసేశాను. జిగురు పెట్టి. మీరు ఎంత కొట్టినా గ్రీజు లోపలికి పోలేదు, పక్కనుంచి బయటికొచ్చేసింది. లోపల ఇరుసు కూడా పొడిగానే బిగించాను. తెలిసే చేశాను."

సరంగు నిపిల్ వైపు చూశాడు. "ఎందుకు?"

"నాన్న గన్ను ఇచ్చిన రోజది. సరిగ్గా బిగిస్తే మీరిక ఈ గుమ్మం తొక్కరు. నెలా రెణ్ణెల్లలో బిరుసెక్కుతుంది, తీసుకొస్తారు అనుకున్నాను. మీరేమో భుజాలు అరిగేలా తిప్పుకుంటూ రెండేళ్ళు లాగించారు. వచ్చి చెప్పేద్దామని రోజూ అనుకునేదాన్ని. సిగ్గేసి రాలేదు."

మోటారు లోపల చిన్నగా కిర్రుమంది. అడుగునుంచి ఎర్రటి తుప్పునీళ్ళు రెండు చుక్కలు రాలాయి. ఆమె ఒక వేలితో తోస్తే ఇరుసు కుడికి తిరిగింది, మళ్ళీ ఎడమకి తిరిగింది.

సంతోషించాలని ఇద్దరికీ తోచలేదు.

"పదకొండు మంది ఉన్నారు పడవలో," అన్నాడు సరంగు. "అందులో ఒక చంటిపిల్ల."

"తెలుసు. రేపు ఆఫీసరుతో నేనే చెప్తాను."

అతను లేచి బయటికెళ్ళి కుళాయి దగ్గర నిలబడ్డాడు. ఆమెకి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే ఇరుసు బయటికి లాగి, గరుకు కాయితంతో తుప్పంతా గీకి, తుడిచి, నీళ్ళకి కొట్టుకుపోని చిక్కటి గ్రీజు వేళ్ళతో దట్టంగా పూసింది. కొత్త నిపిల్ బిగించి, రెండు కొసల నుంచీ గ్రీజు పొంగి బయటికొచ్చేదాకా గన్ను కొట్టింది. మిగిలింది పైకెత్తే కడ్డీ. దానికీ నూనె, మంట, సుత్తి అన్నీ అయ్యాయి. అది మాత్రం బిగదీసుకునే ఉంది.

గంట తర్వాత సరంగు లోపలికొచ్చి కడ్డీ పక్కన కూర్చున్నాడు. ఆమె అలవాటుకొద్దీ రేడియో వైపు నడిచింది.

"ఉండనివ్వండి. మీరూ వినాలి," అన్నాడు. "ఇరుసు బిరుసెక్కిందని ఏడాది నుంచీ తెలుసు నాకు. తెలిసే జనాన్ని ఎక్కించుకున్నాను. పెద్దాయన గన్ను ఇచ్చి పంపారంటే, ఇక రావద్దని చెప్పడమే అనుకున్నాను. ఇక ఏ మొహం పెట్టుకుని రాను?"

కడ్డీ కొంచెం సడలింది. అంతే.

సరంగు ఆమె వైపు తిరిగాడు. "గ్రీజు వేయడం నాకు పదిహేనో ఏట నుంచీ వచ్చు. పెద్దాయన ఇచ్చేనాటికే మా ఇంట్లో రెండు గన్నులున్నాయి."

కడ్డీ దానంతటదే జారి ఆమె పాదాల దగ్గర పడింది. గుమ్మం పక్కన పెద్దాయన పేపరు అడ్డం పెట్టుకున్నాడు. పేపరు తలకిందులుగా ఉంది.

శుక్రవారం ఆఫీసరు మోటారుని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, పైకెత్తి దించాడు. ఎందుకు పట్టేసిందని అడిగాడు. ఇద్దరూ తప్పు నాదంటే నాదన్నారు. ఒక్కొక్కరే చెప్పి ఏడవండని ఆయన విసుక్కుని, అంతా రాసుకున్నాడు. పర్మిట్టు ఉంచాడు. ఆర్నెల్లపాటు వారం వారం మోటారు విప్పించి చూపించాలనీ, మేస్త్రమ్మ సంతకంతో కాగితం తేవాలనీ షరతు పెట్టాడు. నిజం ఒప్పుకున్న చెయ్యి ఈసారి జాగ్రత్తగానే బిగిస్తుందన్నాడు.

మేస్త్రమ్మ చేసిన పని మధ్యాహ్నానికల్లా రేవంతా పాకింది. సాయంత్రంలోగా మోటార్లు పెట్టినవాళ్ళందరూ వచ్చి, మొహమాటపడుతూనే, ఒక్కొక్కటీ మోసుకుపోయారు. ఆమె ఎవరినీ తప్పు పట్టలేదు.

శనివారం పొద్దున సరంగు ఒక సంచితో వచ్చాడు. మూడు గ్రీజు గన్నులు తీసి గోడకున్న మేకులకి వరసగా తగిలించాడు.

"పడవలో ఒకటి ఉండొద్దూ?" అంది మేస్త్రమ్మ.

"వారం వారం వస్తాను కదండీ."

"ఆర్నెల్లయ్యాక?"

"అయ్యాక కూడా వస్తాను. మీకిష్టమైతే అసలు వెళ్ళను," అన్నాడు సరంగు.

ఎప్పుడూ చెప్పే జవాబు ఆమె నోటిదాకా వచ్చింది. తిరిగి చూస్తే బల్ల మీద ఒక్క ఇంజనూ లేదు.