అశ్వత్థప్ప బ్రష్షు

హిందూపురం బెల్లం మండీల వెనక వీధిలో, అశ్వత్థప్ప శెట్టి ఇంట్లో పొద్దు రోజూ ఒకే తీరుగా మొదలయ్యేది. పెరట్లో నీళ్ల పొయ్యి రగిలేది. హండాలో నీళ్లు కాగేవి. ముందు తండ్రి ఉమాశంకర్, ఆయన లేచినాక కొడుకు ప్రణీత్, గోడకు తగిలించిన అద్దం ముందర స్టూలు మీద కూచుని, సత్తుగిన్నెలో సబ్బు తిప్పి, ఒకే బ్రష్షుతో చెంపలకు నురుగు పట్టించుకుని గడ్డం గీసుకునేవాళ్లు. నురుగు కడుక్కుని తల ఎత్తేసరికి ఇద్దరికీ అశ్వత్థప్ప మొగం వచ్చి ఉండేది.

అశ్వత్థప్ప పోయి చానా కాలమైంది. బ్రష్షు మాత్రం గట్టిది. కొమ్ముపిడి పసుపుపచ్చగా మారింది గానీ ఒక్క వెంట్రుక రాలలేదు. ఆ మొగం కూడా అంతే గట్టిది. కలిసిపోయిన కనుబొమలు, పొడుగాటి పైపెదవి, బెల్లం నోట్లో వేసుకుని ఇందులో ఉప్పేమన్నా ఉండాదా అని చూస్తున్నట్టుండే మూతి. పక్కింటోళ్లకు మోకాళ్లనొప్పులు వంశంలో ఉన్నట్టు వీళ్లకు మొగం ఉంది, అంతే అనుకునేది వీధి. మండీకి వచ్చిన రైతు "అశ్వత్థప్ప ఉండాడా?" అని అడిగితే గద్దె మీద ఎవరుంటే వాళ్లు "ఉండా, చెప్పు" అనేవాళ్లు. బేరం సాగిపోయేది.

అశ్వత్థప్ప పెండ్లాం జయమ్మవ్వ మాత్రం ఆ వేళకు పొయ్యి ముందర కూచుని మంటను ఎగదోస్తూ ఉండేది. అద్దం దిక్కు తిరిగేది కాదు. వడ్డించేటప్పుడు కూడా విస్తరినే చూసేది, విస్తరి ముందున్న మనిషిని చూసేది కాదు. మొగుని గ్యాపకాలు తట్టుకోలేదు పాపం అని అందరూ నిట్టూర్చేవాళ్లు.

ఇంత సాఫీగా నడిచే ఇంట్లోకి ధర్మవరం నుంచి వసుధ కోడలుగా వచ్చింది.

వసుధ పెండ్లిచూపుల్లో చూసిన ప్రణీత్‌కు గడ్డముంది. ఇంట్లో ఉన్నన్నాళ్లూ రోజూ గీసుకున్నవాడే, బెంగళూరులో ఉద్యోగానికి పోయినాక పెంచాడు. నవ్వితే గడ్డమంతా కదిలేది. వసుధ ధర్మవరంలో ఒక డిజైన్ సెంటర్లో కంప్యూటర్ మీద పట్టుచీరల అంచులు గీసేది. హంసను గీయమంటే హంసకు కొంచెం కొంటెచూపు కూడా పెట్టేది, ఆ చూపుకే చీరలు అమ్ముడుపోయేవి. పెండ్లైనాక గూడా పనికి పోతానని ఆ పొద్దే చెప్పింది. "పో, దానికేం? రైలు ఉండాది గదా" అన్నాడు గడ్డమున్న ప్రణీత్. వసుధ ఆ మాటనే పెండ్లాడింది.

పెండ్లైంది. ఉద్యోగం మాని మండీకి వచ్చేయమన్నాడు నాయన. గడ్డంతో గద్దె ఎక్కగూడదన్నాడు. ఒక పొద్దున ప్రణీత్ మళ్లీ ఆ స్టూలు మీద కూచున్నాడు. వసుధ తువ్వాలు తెచ్చి ఇయ్యబోయింది. వాడు తల ఎత్తాడు. అంతే, ఆ పిల్ల తనకు తెలీకుండానే కొంగు భుజం నిండా కప్పుకుని పక్కకు జరిగి నిలబడింది.

గడ్డమున్న ప్రణీత్‌ను నువ్వు అని పిలిచేది. గీసుకున్న ప్రణీత్‌ను నువ్వు అనడానికి నోరు తిరగలేదు. మీరు అని వచ్చేది. మొగుడు ఎవరు, మామ ఎవరు అన్నది చొక్కాలను బట్టి గుర్తుపట్టాల్సి వచ్చింది. చాకలి చొక్కాలు తారుమారు చేసిన రోజు వసుధ వెనకనుంచి పోయి, "ఏం దొరా, పెనుకొండ కోటకు పోదామా?" అని గుసగుసగా అడిగింది మామను. ఆయన ఉలిక్కిపడను కూడా లేదు. "చూద్దాంలే" అన్నాడు. సిగ్గుతో చచ్చి, మరుసటి రోజు అదే మాట మొగుణ్ని అడిగింది. "చూద్దాంలే" అన్నాడు. సిగ్గు పోయి భయమేసింది.

ఆ మొగంతో పాటు వచ్చే మాట అదొక్కటే. కొత్త కిటికీ పెట్టిద్దామా అంటే చూద్దాంలే. బెంగళూరులో స్నేహితుని పెండ్లికి పోదామా అంటే చూద్దాంలే. నేను పనికి పోయేదెప్పుడు అంటే, మూతి ఒకసారి బెల్లం రుచి చూసినట్టు కదిలి, చూద్దాంలే. వద్దంటే కొట్లాడొచ్చు. చూద్దాంలే అన్న మనిషితో ఎట్ల కొట్లాడేది? ఊబితో కుస్తీ పట్టినట్టే.

ఇంతలో డిజైన్ సెంటర్ నుంచి ఫోను. సోమవారం వచ్చి పనిలో కూచోవాల, లేదంటే ఆ కుర్చీలో వేరే అమ్మాయి కూచుంటుంది అన్నారు మర్యాదగానే.

వసుధ చేతులు ముడుచుకుని కూచునే రకం కాదు. అంతకు ముందే నురుగు డబ్బా ఒకటి కొనుక్కొచ్చి పెట్టింది. మామ దాన్ని ఒకసారి నొక్కి చూసి, పాలకోవ మాదిరి ఉండాది, దుడ్లు దండగ అని మూలన పెట్టాడు. బ్రష్షునే దాచేసింది ఒకసారి. అది దొరికేదాకా మండీ తెరవలేదు. రైతులు ఇంటికొచ్చి మరీ వెతికారు. చివరికి బియ్యం డబ్బాలోంచి తీసి ఇచ్చింది అవ్వే. ఇస్తూ వసుధ దిక్కు ఒక చూపు చూసింది. అది కోపమో, ఇంకేమో, ఆ పిల్లకు అప్పుడు అర్థం కాలేదు.

మంగళవారం ఆ ఇంట్లో గడ్డం గీసుకోరు. సాయంత్రానికి చెంపలు గరుగ్గా మొలిచి, ఆ గరుకులో కొంచెం కొంచెంగా ప్రణీత్ తేలేవాడు. ఆ మంగళవారం మేడ మీద బట్టలు తీస్తూ, వసుధ వాని చెంప మీద చెయ్యి పెట్టి అడిగింది.

"నేను పోవడం మీకు నిజంగా ఇష్టం లేదా?"

"పో అనాలనే అనుకుంటా వసుధా. మూతి తిరగదు."

"మరి ఆ బ్రష్షు మానుకోవచ్చు గదా?"

"నాయన ముందర ఆ మాట ఏ మొగం పెట్టుకుని చెప్పేది? నాకున్నది ఇదొకటే."

వసుధ మిగిలిన బట్టలు తీసి మడిచింది. పుట్టింటికి పోయొస్తానని శనివారం సంచి సర్దుకుంది. అవ్వ గుమ్మం దాకా వచ్చి మెల్లగా అడిగింది, రైలు పెనుకొండ మీదుగానే గదా పోయేది, కొండ బాగా కనపడతాదా అని. తాను కోడలై ఈ ఇంటికి వచ్చినప్పుడు రైల్లోంచి చూసిందంట. ఎక్కి చూడాలని ఉందని మొగునికి చెప్పిందంట. ఆయన ఏమన్నాడో వసుధ అడగలేదు. అడిగే పనేముంది?

ధర్మవరంలో టేషన్ రోడ్డు మీద గ్రేస్‌కు ఫ్యాన్సీ అంగడి ఉంది. వసుధ, గ్రేస్ చిన్నప్పటి నుంచి ఒకే బెంచీ. సంగతంతా విని గ్రేస్ కడుపు పట్టుకుని నవ్వింది. మామను కోటకు పిలిచిన ముక్క రెండుసార్లు చెప్పించుకుంది. ఆ తర్వాత బల్ల మీద బ్రష్షులు పరిచింది. ఒకటి గుర్రం తోకవెంట్రుక. ఒకటి పంది వెంట్రుక. ఒకటి ఏదో విదేశీ జంతువుది, దాని పేరు పలకడం గ్రేస్‌కూ రాదు, ధర మాత్రం బాగా పలుకుతాది. మిగిలినవన్నీ సింథటిక్.

వసుధ ఒక్కోదాన్ని చెంపకు ఆనించి చూసింది. పంది వెంట్రుక గుచ్చుకుంది. గుర్రానిది మెత్తన.

"వెంట్రుక ఏదైనా ఒకటే లేమ్మే" అంది గ్రేస్. "తల్లి కడుపులో మొలిచింది ఏదీ మరిచిపోదు. ఈ సింథటిక్ చూడు, ఫ్యాక్టరీలో పుట్టింది. దీనికి నాయనా లేడు, తాతా లేడు. తడిపి విదిలిస్తే చాలు, ఆరిపోతాది. నిన్నటి నీళ్లు గూడా పెట్టుకోదు."

సింథటిక్‌లో మళ్లీ రెండు నచ్చాయి. ఒకటి మొదట్లో గోధుమరంగు, నడుమ నలుపు, కొసలు తెలుపు వేసి అచ్చం ఆ పేరు తిరగని జంతువు వెంట్రుక మాదిరే చేసింది. చూడను చక్కగా ఉంది. ఇంట్లో గుట్టుగా మార్చేస్తే పాతదే అనుకుంటారు గూడా. ఇంకోటి తెల్లగా, నున్నగా, దేని మాదిరీ లేదు. వసుధ రెండూ పట్టుకుని ఎంతోసేపు నిలబడింది. మొదటిదాన్ని సంచిలో వేసుకుంది. మళ్లీ తీసింది.

"వద్దులే. ఇంకొకరి మాదిరి ఉండాలని చూసేదాంతోనే గదా నాకు తంటా వచ్చింది" అని తెల్లది తీసుకుంది.

గ్రేస్ దాన్ని పొట్లం కడుతూ, ఫోనులో అత్తగారింటి బ్రష్షు ఫోటో చూపించమంది. పెద్దది చేసి చూసింది. "మీ వాళ్లు ఉల్లిగడ్డ గూడా లెక్కపెట్టి తినే జాతి గదా" అంది. "ఇది పంది వెంట్రుకమ్మే." వసుధ నోరు తెరిచింది. గ్రేస్ ఆకుపచ్చ స్కెచ్ పెన్ను తీసి, కొత్త బ్రష్షు అట్టపెట్టె మీద గుండ్రంగా ఒక పచ్చచుక్క పెట్టింది. శుద్ధ శాకాహారం.

రాత్రి బండికే తిరిగొచ్చి, ఆదివారం పొద్దున అందరూ బొరుగుల ఉగ్గాని తింటున్నప్పుడు వసుధ ఆ మాట బయట పెట్టింది. నెమ్మదిగా, మామకు చట్నీ వేస్తూ, రోజూ మీరు చెంపలకు రాసుకుని దేవుని గూటి కాడికి పోతాండేది పంది వెంట్రుక మామా అని. పచ్చచుక్క పెట్టెను విస్తరి పక్కన పెట్టింది. మామ చేతిలో ముద్ద చేతిలోనే నిలిచింది. ఇప్పుడు లేస్తాడు, ఇప్పుడు నెత్తిన నీళ్లు పోసుకుంటాడు, ఇప్పుడు బ్రష్షును దొడ్డిగోడ అవతలికి విసిరేస్తాడు అని చూసింది వసుధ.

ఉమాశంకర్ కనుబొమలు దగ్గరకొచ్చాయి. పైపెదవి సాగింది. మూతి కదిలింది.

"చూద్దాంలే" అన్నాడు.

ప్రణీత్ కూడా తల ఊపాడు. రెండు అశ్వత్థప్పలూ ఉగ్గాని తినసాగారు. వసుధకు కాళ్ల కింద నేల గాదు, నాలుగు గోడలూ జరిగి దగ్గరకొచ్చినట్టయింది. పందికే కదలని మొగం తన కుర్చీకి కదులుతుందా? రేపు సోమవారం.

అప్పుడు అవ్వ లేచింది. పెరట్లోకి పోయి బ్రష్షు తెచ్చింది. తెచ్చి, వాళ్లిద్దరి ముందరా నిలబడి, ఏండ్ల తర్వాత మొదటిసారి తల ఎత్తి ఆ మొగాల్లోకి సూటిగా చూసింది. ముందు కొడుకును, ఆ తర్వాత మనవణ్ని.

"పందో గుర్రమో నాకు తెలీదు" అంది. "నాకు పెండ్లి ఒకాయప్పతోనే అయింది. ఆయప్ప పోయినంక ఇద్దరైనారు. పొద్దున్నే ఈ దిక్కొకరు, ఆ దిక్కొకరు. ఎంతకాలమని నన్ను పొయ్యిని చూసుకుంటా కూచోమంటారు?"

గ్యాపకాలు తట్టుకోలేక అనుకున్నారు గదా అందరూ. ఒక్కరైనా అడిగితే చెప్పేదే. ఎవరూ అడగలేదు.

"అమ్మా" అని లేవబోయాడు ఉమాశంకర్.

"ఆయప్ప చితిలోనే దీన్నీ వేయమంటిని శంకరా. నువ్వు దాచుకొంటివి. చిన్నోడివి, నాయన లేడని భయపడినావు, సరేలే అనుకొంటి. ఇంక చాలు."

అంతే. పోయి నీళ్ల పొయ్యిలో వేసేసింది. వెంట్రుక కాలిన కంపు ఇల్లంతా నిండింది. పొగ ఎత్తుగా లేచి, పెరటిగోడ మీద కాసేపు, పోదామా వద్దా అన్నట్టు, ఆగింది. అవ్వ విసనకర్రతో ఒక్క ఊపు ఊపింది. పోయింది.

సోమవారం పొద్దున స్టూలు మీద తెల్ల బ్రష్షు, పచ్చచుక్క పెట్టె. మండీకి పోవాలంటే గీసుకోక తప్పదు. ఉమాశంకర్ నురుగు కడుక్కుని తల ఎత్తి, అద్దంలో ఉన్నాయనకు దండం పెట్టబోయి ఆగాడు. గుండ్రటి మొగం, చెంపన సొట్ట, కొంచెం బెదురు చూపు. ఇంట్లో ఎవరూ ఆయన్ను ఎరగరు. అవ్వ మాత్రం దగ్గరికి పోయి ఆ సొట్ట మీద వేలు పెట్టి, "చిన్నప్పుడు చూసినా నిన్ను. మళ్లీ ఇప్పుడు" అంది.

ప్రణీత్ వంతు వచ్చింది. వసుధ తువ్వాలు పట్టుకుని నిలబడింది. తల ఎత్తాడు. చుబుకం కొంచెం చిన్నది. ఓహో, అందుకా గడ్డం పెంచింది అనుకుంది మనసులో. పైకి మాత్రం ఏమీ అడగలేదు. అడగాల్సింది వాడికి తెలుసు. వాని నోరు పాత అలవాటుకు సగం తెరుచుకుంది, లోపల తయారుగా ఉన్న మాట ఏదీ దొరకలేదు, మూసుకుంది. తువ్వాల్లో మొగం తుడుచుకున్నాడు. తుడుచుకున్న చోటే మళ్లీ తుడుచుకున్నాడు.

"నీ బండి ఎన్ని గంటలకు?" అన్నాడు చివరికి.

"నువ్వు టేషన్ కాడ దింపితే, వచ్చే బండికే" అంది వసుధ. నువ్వు అన్నానని అన్నాక గానీ తెలీలేదు.

గుమ్మంలో అవ్వ అప్పటికే చెప్పులేసుకుని నిలబడి ఉంది. చేతిలో టిఫిను క్యారేజీ. తనను పెనుకొండలో దింపమంది, సాయంత్రం తిరుగు బండికి మళ్లీ ఎక్కించుకోమంది.

పెనుకొండ రాకముందే కొండ కిటికీ నిండా వచ్చి కూచుంది. ఒక్కదానివే ఎక్కగలవా అని వసుధ అడిగితే, ఎక్కినంత ఎక్కుతా, యాడ కాళ్లు నొస్తే ఆడ కూచుంటా అంది అవ్వ. దిగి, వెనక్కి చూడకుండా నడిచిపోయింది.

రైలు ధర్మవరం దిక్కు కదిలింది. వసుధ ఫోను మోగింది. ప్రణీత్. గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు. అమరాపురం నుంచి బెల్లం తెచ్చిన రైతు ఒకడు మండీ గడపలో నిలబడి, గద్దె మీది కొత్త మొగాన్ని ఎగాదిగా చూసి, అశ్వత్థప్ప ఉండాడా అని అడిగాడంట. నాయన చెంప సొట్ట తడుముకున్నాడంట.

"ఏమన్నాడు?" అంది వసుధ.

"లేడు అన్నాడు వసుధా. లేడు, చచ్చిపోయినాడు, నేను ఆయన కొడుకుని అన్నాడు. ఆ రైతు పాపం చెప్పులిడిచి లోపలికొచ్చి, ఎప్పుడు పోయినాడప్పా అని నాయనను ఓదారుస్తాండాడు."