పన్నెండు గీతల సాయంత్రం

ఏడో గీత దాకా చక్రం తిప్పేసరికి గాజుపెట్టెలో ఇసుక రంగు తేలింది. లైట్లాయన ఇంకా మొహం కూడా కడుక్కోలేదు. స్టూలు మీద కూర్చుని, ఎడమ చేత్తో కళ్లు నలుపుకుంటూ, కుడి చేత్తో ఇత్తడి చక్రాన్ని వెంట్రుకవాసి చొప్పున జరుపుతున్నాడు. పెట్టె పైన వేలాడే బల్బు మొదట ఎర్రటి తీగలా కనబడి, తర్వాత నారింజ రంగుకు తిరిగి, ఇప్పుడిప్పుడే పసుపుపచ్చ అవుతోంది. మూలనున్న చెక్కగూట్లోంచి ముడతలు పడిన మెడ ఒకటి బయటికి వచ్చింది.

“పెద్దమనిషి లేచాడా?” అంది అక్క మంచం మీంచి.

“ఒక కన్ను తెరిచాడు. రెండోది తెరవాలా వద్దా అని ఆలోచిస్తున్నాడు.”

అక్క నవ్వింది. నవ్వు మధ్యలో ఆగి, కాసేపటికి మళ్లీ అందుకుంది. ఈమధ్య ఆమె వీపు వెనక మూడు దిండ్లు పెట్టుకుని కూర్చునే నిద్రపోతోంది. ఇదేం పడక అని అడిగితే, ఎత్తుగా ఉంటే పెద్దమనిషి నడక బాగా వినబడుతుందని చెప్పింది. ఆ జవాబు లైట్లాయనకి ముచ్చటగా తోచింది. అంతకుమించి ఆలోచించలేదు.

పెద్దమనిషి అంటే తాబేలు. పద్నాలుగేళ్ల కిందట, లైట్లాయన దీపాల పని చేసే నాటకాల హాల్లో ఏదో నాటకానికి నిజం తాబేలే కావాలని పట్టుబట్టి తెప్పించారు. పంతొమ్మిది ప్రదర్శనలయ్యాక కిరీటాలు పెట్టెలోకీ, కత్తులు గోడకీ చేరాయి గానీ తాబేలుని ఎక్కడ పెట్టాలో ఎవరికీ తోచలేదు. లైట్లాయన దాన్ని చేతిసంచీలో వేసుకుని ఇంటికి తెచ్చాడు. తాడూ బొంగరం లేనివాడికి తాబేలొకటి తక్కువైందని హాల్లో వాళ్లు నవ్వారు. నవ్వితే నవ్వారు, ఆయనకి ఇంట్లో అక్క తప్ప ఎవరూ లేరన్నది నిజమే. అమ్మ పోయేనాటికి అక్కకి పదహారు, ఆయనకి ఆరు. హోటలు బట్టలు ఇస్త్రీ చేసి ఆయన్ని పెంచింది. ముప్ఫై ఏళ్లు ఇస్త్రీపెట్టె పట్టిన ఆ వేళ్లకి వేడంటే భయం పోయింది.

వాళ్లున్న సందులోకి ఎండ రాదు. ఎదుటి మేడ దాన్ని పైనే పట్టేసుకుంటుంది. అందుకని పెట్టెకి బల్బు బిగించాడు. స్విచ్చి వేస్తే పగలు, తీస్తే రాత్రి. తీసిన ప్రతిసారీ తాబేలు బెదిరిపోయి గాజుకి డిప్పను ఠక్కున కొట్టుకునేది, మెడ లోపలికి లాక్కుని మర్నాడంతా ఆకు ముట్టేది కాదు. ఒకరోజు అక్క అంది: “నీ హాల్లో మనుషులకైతే అంత మెల్లిగా దీపం తగ్గిస్తావే. నోరులేని జీవికి ఆ మర్యాద లేదా?”

ఆ మాట ములుకులా తగిలింది. హాల్లో పాత సామాన్ల కింద పడి ఉన్న, దీపం వెలుగు పెంచి తగ్గించే ఇత్తడి చక్రాన్ని, దాని వెనకుండే తీగచుట్టతో సహా అడిగి తెచ్చుకుని పెట్టెకి కలిపాడు. పొద్దున ఆయన గంటసేపు మెల్లగా తెల్లవారుస్తాడు. సాయంత్రం ఆయన హాల్లో ఉంటాడు గనక అక్క గంటసేపు మెల్లగా పొద్దు గుంకిస్తుంది. అయిదున్నరకి మొదలుపెడితే ఆరున్నరకి చీకటి. సరిగ్గా ఆరున్నరకే హాల్లో నాటకం మొదలు. ప్రేక్షకుల తలల మీది దీపాలు తగ్గించే మీట కిందికి లాగుతూ, ఇంటి దగ్గర అక్క కూడా చివరి గీత మీద ఉండి ఉంటుందనుకునేవాడు. ఆ ఒక్క నిమిషం ఆయనకి ఎందుకో నిండుగా ఉండేది.

ఆరేళ్ల కిందట అక్కకి చూపు పోయింది. వెలుగు ఉందా లేదా అన్నది తెలుస్తుంది, అంతే. అప్పుడు మూడంచుల ఆకురాయి తెచ్చి చక్రం అంచున పన్నెండు గీతలు కోశాడు. వేలితో తడిమి తెలుసుకోవడానికి. గీతకి అరవై లెక్క. అరవై అయ్యాక తర్వాతి గీతకి జరపాలి. ఆరేళ్లలో ఒక్క సాయంత్రం కూడా ఆమె తప్పలేదు.

ఈ మూడు వారాల నుంచే ఏదో తేడా వచ్చింది. కింద గదిలో బట్టలు కుట్టే ఆవిడ మాటల్లో మాటగా చెప్పింది, మీ కిటికీలో దీపం ఆరింటికల్లా ఆరిపోతోందని. గంట పట్టాల్సిన సాయంత్రం అరగంటకే అయిపోతోంది. పెద్దమనిషి మళ్లీ ఆకు మానేశాడు. అక్కకి విసుగొచ్చిందనీ, గీతలు దాటేస్తోందనీ లైట్లాయన తేల్చుకున్నాడు. మొన్న బజారుకి వెళ్లి, తనంతట తానే దీపం పెంచి తగ్గించే యంత్రం ఒకటి కొనుక్కొచ్చాడు. దాని అట్టపెట్టె అలమరలో ఉంది.

పన్నెండో గీతకి చేరాక లేచి, టీ పెట్టి, అక్క చేతికి గ్లాసిచ్చి మెల్లగా చెప్పాడు.

“నువ్వింక శ్రమపడక్కర్లేదక్కా. రేపు ఆదివారం, ఆ మిషను బిగించేస్తా.”

అక్క గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుంది.

“నేను అరవైకి ఒక్కటి కూడా తగ్గించలేదురా.”

“మరి అరగంటకే ఎలా అయిపోతోంది? నీకు తొందరెక్కువైంది. నిదానమే ప్రధానమని నాకు చెప్పేదానివి, నువ్వే...”

“నా చేతిలో మిగిలింది అదొక్కటే కదా. అది కూడా తీసేస్తావా?”

కోపంగా అనలేదు. టీలో చక్కెర చాలలేదన్నట్టుగా అంది. ఆయన ఆకుకూర తరిగి పెట్టెలో వేశాడు, ఆమె చెప్పులు మంచం దగ్గరికి జరిపాడు. కాళ్లు లావెక్కాయి, ఇవి పట్టడం లేదు, తీసి పక్కన పెట్టమంది. పక్కన పెట్టి హాలుకి వెళ్లిపోయాడు.

హాల్లో ఆయన పని పూర్వంలా లేదు. రంగస్థలం పక్కన గోడంతా పరుచుకున్న పాత మీటల్ని కిందటి నెలే ఊడదీశారు. వాటి స్థానంలో పలకంత కంప్యూటరు వచ్చింది, దాన్ని నడిపించడానికి ముప్ఫై ఏళ్ల అమ్మాయి వచ్చింది. లైట్లాయనకి మిగిలింది నిచ్చెనెక్కి దీపాల అద్దాలు తుడవడం, మాడిన రంగు కాగితాలు మార్చడం, ప్రేక్షకుల దీపాల మీట ఒక్కటి లాగడం. దాన్నీ మార్చేవాళ్లే, తీగ అందక వదిలేశారు. పొద్దుటి నుంచి నిచ్చెన మీదే ఉన్నాడు. నా చేతిలో మిగిలింది అదొక్కటే కదా అన్న మాట ఆయనతో పాటు మెట్టు మెట్టూ ఎక్కింది, దిగింది. తనకి జరిగిందాన్నే తను అక్కకి చేస్తున్నాడని మధ్యాహ్నానికి స్పష్టంగా తెలిసిపోయింది. సిగ్గేసింది. ఇంటికెళ్లగానే ఆ అట్టపెట్టె తిరిగి ఇచ్చేస్తానని చెప్పాలనుకున్నాడు. అరగంటైతే అరగంటే, పెద్దమనిషే సర్దుకుంటాడు.

అయిదు దాటాక ఆ అమ్మాయి పిలిచింది.

“బాబాయ్, రెండో అంకంలో సూర్యాస్తమయం ఉందట కదా. ఎంతసేపు పెట్టమంటారు?”

“నలభై ఊపిరులు.”

“అంటే?”

“ఊపిరి పీల్చి వదిలితే ఒకటి. మా గురువుగారు అలాగే నేర్పారు. గడియారం చూస్తే చెయ్యి ఉలిక్కిపడుతుందనేవారు.”

ఆమె నవ్వింది. “ఎవరి ఊపిరి బాబాయ్? నేనిప్పుడే మూడంతస్తులెక్కి వచ్చా. నా ఊపిరితో లెక్కపెడితే మీ సూర్యుడు దబ్బున పడతాడు.”

ఆయన కూడా నవ్వబోయాడు. చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది.

అక్కకి లెక్క నేర్పింది తనే. గడియారం కనబడని మనిషికి గురువుగారి పద్ధతే నేర్పాడు, గీతకి అరవై ఊపిరులని. నేర్పి, మరిచిపోయాడు. అక్క మరిచిపోలేదు. నిజంగానే అరవైకి ఒక్కటి కూడా తగ్గించలేదు. ఊపిరే పొట్టిదవుతూ వచ్చింది. మూడు దిండ్లు, మధ్యలో ఆగే నవ్వు, పట్టని చెప్పులు అన్నీ ఒక్కసారి ఆయన ముందుకొచ్చి నిలబడ్డాయి. మూడు వారాలుగా ఆమె జబ్బుని గడియారంతో నిమిషాల లెక్కన కొలిచి, తొందరెక్కువైందని మందలించాడు.

ఇంటికి ఫోను చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. గోడ మీద గడియారం అయిదూ ముప్ఫై అయిదు చూపిస్తోంది. దీపం తగ్గించేటప్పుడు అక్క ఫోనెత్తదు, లెక్క తప్పుతుందని. ఆయన గుడ్డని నిచ్చెన మీద వేసి, “ఇవాళ ప్రేక్షకుల దీపాలు నువ్వే తగ్గించమ్మా” అన్నాడు. ముప్ఫై నాలుగేళ్లలో ఆ మీట ఇంకొకరికి ఇవ్వడం అదే మొదలు. ఏమైందని ఆమె అడుగుతుంటే వినిపించుకోలేదు.

బస్సు కూడలి దగ్గర ఆగిపోయింది. దిగి నడిచాడు, నడక చాలక పరిగెత్తాడు. సందు మొదట్లోకి వచ్చేసరికి ఆరూ పదిహేను. తల ఎత్తి చూశాడు. కిటికీలో దీపం వెలుగుతోంది.

ఈ మూడు వారాల్లో ఈ వేళకి చీకటయిపోయేది. ఇవాళ ఇంకా నారింజ రంగుంది, సగానికి పైగా ఉంది. అంటే ఊపిరి నిమ్మళంగా ఆడుతోంది. ఇవాళ అక్కకి బాగుంది. కింద గది గుమ్మం ఆనుకుని రొప్పుతూ నిలబడ్డాడు. కుట్టుపని ఆవిడ తల ఎత్తింది.

“ఏంటండీ, ఇవాళ ఇంత పెందలాడే వచ్చేశారు?”

“అక్కని రేపు డాక్టరుకి చూపించాలి. మీరు కూడా రండి, తోడుగా ఉంటారు.”

“అలాగే. పదింటికి వెళ్దాం, తొమ్మిదికల్లా ఈ రవికలు ఇచ్చేస్తాను” అని ఆవిడ ఏదో చెబుతూనే ఉంది. ఆయన మళ్లీ పైకి చూశాడు. ఎదుటి మేడ గోడ మీద కిటికీ వెలుగు నాలుగు పలకలుగా పడి ఉంది. అదే రంగు. కాసేపాగి మళ్లీ చూశాడు. అదే. దీపాలు తగ్గించడమే బతుకైనవాడికి తగ్గని దీపం తెలియకుండా ఉండదు. ఆవిడ మాట మధ్యలోనే ఆయన మెట్లెక్కాడు.

అక్క పెట్టె పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. తల గోడకి ఆనింది. కుడిచెయ్యి చక్రం మీద, బొటనవేలు ఏడో గీతలో ఉంది. అక్కా అని రెండుసార్లు పిలిచాడు. మూడోసారి పిలవకుండా ముక్కు దగ్గర అరచెయ్యి పెట్టి చూశాడు. పెట్టె మధ్యలో పెద్దమనిషి నాలుగు కాళ్ల మీద లేచి, మెడ సాచి, రావలసిన చీకటి కోసం నిలబడి ఉన్నాడు.

కిందికి కేక వెయ్యొచ్చు. వేస్తే జనం వస్తారు, గదిలో పెద్ద లైటు వేస్తారు. ఆమె పని ఇంకా సగంలో ఉంది. లైట్లాయన స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నాడు. మెట్లెక్కిన ఊపిరి లెక్కకి పనికిరాదు గనక అది కుదుటపడేదాకా ఆగాడు. అప్పుడు ఆమె చేతి మీద చెయ్యి వేసి లెక్క మొదలుపెట్టాడు. నాలుగో గీత దగ్గర ఏడుపొచ్చి లెక్క తప్పింది. తప్పితే మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాలి, ఆమెకి తను చెప్పిన నియమమే అది. మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు. ఆ ఒక్క గీతకే మూడుసార్లు పట్టింది. నారింజ రంగు ఎరుపై, ఎరుపు సన్నని తీగై, ఆ తీగ కూడా పోయింది. చీకట్లో డిప్ప ఇసుక మీద రాసుకుంటూ గూట్లోకి వెళ్లిన చప్పుడు వినబడింది. ఏ తొందరా లేని నడక.

అప్పుడు లేచి, తలుపు దగ్గరగా వేసి, కుట్టుపని ఆవిడని పిలవడానికి ఉత్తకాళ్లతో మెట్లు దిగాడు. గదిలో పన్నెండు గీతల ఇత్తడి చక్రం, ఆమె బొటనవేలికి అరిగి నునుపెక్కిన అంచుతో, ఇంకా వెచ్చగా ఉంది.