ఐసు పెట్టెలో పెళ్లి

చెడకూడని సరుకేదైనా ఐసులోనే ప్రయాణం చెయ్యాలన్నది దైవాధీనం నమ్మకం. బందరు నుంచి రొయ్యలు పంపడంలోనే ఆయన జుట్టు నెరిసింది. ఇవాళ గుడివాడ బస్సులో ఆయన ఒళ్లో ఉన్న థర్మాకోల్ పెట్టెలో మాత్రం రొయ్యల్లేవు. కూతురు జెనిఫర్ హార్డ్ డిస్క్ ఉంది. నందివాడలో ఆమె తీసిన పెళ్లి వీడియో అంతా అందులోనే ఉంది. ఇంకో కాపీ లేదు. రేకుల షెడ్డు స్టూడియోలో డిస్క్ కాలిపోయేంత వేడెక్కి, కాపీ మధ్యలోనే ఆగిపోయింది. జెనిఫర్‌కి ఇదే మొదటి పెద్ద పెళ్లి. ఇది పోతే ఆ చుట్టుపక్కల మళ్లీ ఎవరూ పిలవరు. మోపిదేవిలో వేరే పనిలో ఉండి ఆమె ఫోన్‌లో ఒకటే చెప్పింది. "గుడివాడలో ప్రభాకర్ గారి కంప్యూటర్ షాపులో ఇవ్వు నాన్నా. దారిలో ఎండ తగలనివ్వకు."

తగలనివ్వలేదు మరి.

ప్రభాకర్ పెట్టె మూత తీశాడు. ఐసు ముక్కల నడుమ, రెండు పాలిథిన్ సంచుల్లో బిగించి ముడేసిన డిస్క్.

"టైగర్ రొయ్యలా, వనామీ రొయ్యలా బాబాయ్ గారూ?"

దైవాధీనం నవ్వలేదు. "వేడి పడదంది మా అమ్మాయి. తగిలించండి." ముడి విప్పబోయాడు.

ప్రభాకర్ ఆ చెయ్యి పట్టుకున్నాడు. "ఆగండాగండి. నడిచేటప్పుడు దీనికి అరవై డిగ్రీలు దాటకూడదు, నిజమే. ఐదుకి తగ్గనూ కూడదు. ఊరికే ఉన్నప్పుడు చలి ఏమీ చెయ్యదు లెండి. చంపేది చెమ్మ. ఫ్రిజ్‌లోంచి తీసిన సోడా సీసాకి చెమట పట్టదూ? ఇప్పుడు విప్పితే దీనికీ అంతే. ఆ తడి మీద కరెంటిచ్చామా, పెళ్లి పోయినట్టే."

దైవాధీనం వేళ్లు ముడి మీది నుంచి జారాయి. "పాడు చేశానా?"

"ముడి గట్టిగా వేశారుగా, నీళ్లు పోలేదు. ఈ గది వేడికి వచ్చేదాకా సంచిలోనే ఉంచుదాం."

ఐసు తీసేసి సంచిని బల్ల మీద పెట్టారు. దైవాధీనం పక్కనే స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఎవరినీ దాని దగ్గరికి రానివ్వలేదు. జెనిఫర్ ఫోన్ చేసింది.

"ఆన్ అయిందా నాన్నా?"

"బడలిక తీర్చుకుంటోంది."

సంచి మీద చెమట ఆరింది. లోపల చలి పోయేదాకా ఇంకా ఆగి, అప్పుడు ముడి విప్పారు. డిస్క్ పొడిగా ఉంది. టేబుల్ ఫ్యాన్ దాని వైపు తిప్పి ప్రభాకర్ కరెంటిచ్చాడు. సన్నగా తిరిగింది. తెర మీద తలంబ్రాలు రాలాయి. ఈసారి కాపీ ఎక్కడా ఆగలేదు. రెండో కాపీ కూడా తీయించాడు దైవాధీనం, అది షాపులోనే ఉంచమన్నాడు.

తిరుగు బస్సులో నీడ వైపు సీటు చూసుకున్నాడు. పక్కన ఖాళీ ఐసు పెట్టె చూసి కండక్టర్ అడిగాడు, "సరుకు మొత్తం అమ్ముడుపోయిందా మావయ్యా?"

"పెళ్లి చేసుకొస్తున్నాను," అన్నాడు దైవాధీనం, డిస్క్ ఉన్న సంచి ఒళ్లో సర్దుకుంటూ.